మీరు పంపిన మెయిల్ అవతల కూడా సరిగ్గా తెరుచుకోవాలంటే ఏం చేయాలి?

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంటుంది. "అన్నా, నేను పంపినప్పుడు బాగానే ఉంది, వాళ్లకు మాత్రం అన్నీ పెట్టెలే కనిపిస్తున్నాయట." "సర్టిఫికెట్ అటాచ్ చేశాను, వాళ్లకు విన్‌మెయిల్ అని ఏదో ఫైల్ వచ్చిందట." "తెలుగులో రాసిన ఉత్తరం అవతల ఇంగ్లీష్ పిచ్చి అక్షరాలుగా మారిపోయింది." చివరి తేదీ దగ్గర పడ్డాక ఇలాంటి జవాబు వస్తే ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

సరిహద్దు జిల్లాల్లో ఈ బాధ ఎక్కువ. ఒకే దరఖాస్తులో ఒడియాలో ఇచ్చిన నివాస ధ్రువపత్రం, తెలుగులో రాసిన ఉత్తరం, ఇంగ్లీష్ మార్కుల జాబితా కలిసి వెళ్తాయి. టైపింగ్ పార్వతీపురంలోని డీటీపీ సెంటర్లో చేయిస్తాం, పంపేది రాయగడలోని నెట్ సెంటర్ నుంచి, చూసేవారు భువనేశ్వర్‌లోనో విజయవాడలోనో ఉంటారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ప్రోగ్రామ్: ఒకరిది ఫోన్లో జీమెయిల్, ఒకరిది అవుట్‌లుక్, ఇంకొకరిది థండర్‌బర్డ్. ఈ మూడింటిలోనూ సరిగ్గా కనిపించేలా పంపడమే మనకు కావాల్సింది. దానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు, ఒక వరుస పాటిస్తే చాలు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- వేరే కంపెనీలో ఇంకో మెయిల్ ఖాతా. మీది జీమెయిల్ అయితే యాహూలోనో అవుట్‌లుక్ డాట్ కామ్‌లోనో ఒకటి తెరవండి. ఇది ఉచితం. పరీక్షించుకోవడానికి ఇది తప్పనిసరి.
- ఫోన్, కంప్యూటర్ రెండూ. సొంత కంప్యూటర్ లేకపోతే నెట్ సెంటర్‌ది చాలు, పని అయ్యాక లాగౌట్ చేయడం మాత్రం మరవద్దు.
- యూనికోడ్ తెలుగు కీబోర్డు. (ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఒక సొంత సంఖ్య ఇచ్చే, అందరూ ఒప్పుకున్న పద్ధతే యూనికోడ్.) ఫోన్లో జీబోర్డ్ సరిపోతుంది. విండోస్ 10, 11లో భాషల సెట్టింగ్‌లో తెలుగు చేర్చుకుని, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.
- పీడీఎఫ్ తయారుచేసే సాధనం. వర్డ్ ఉంటే అదే చేస్తుంది. లేకపోతే లిబ్రెఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది, గూగుల్ డాక్స్ అయినా పర్వాలేదు.

ముందు జబ్బు గుర్తుపట్టండి

మెయిల్ ఇప్పటికే పాడై చేరిందంటే, వెంటనే మళ్లీ పంపకండి. అవతలివారి తెరను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమని అడగండి. "సరిగ్గా రాలేదు" అన్న మాటతో ఏమీ తెలియదు, ఫోటో చూస్తే అంతా తెలుస్తుంది. అక్షరాలు పాడయ్యే తీరులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, వరుసగా ఖాళీ పెట్టెలు. అవతలి యంత్రంలో ఆ లిపికి ఫాంట్ లేదని అర్థం. మీరు పంపిన అక్షరాలు క్షేమంగానే ఉన్నాయి. విండోస్ 8 నుంచి వచ్చే నిర్మలా యూఐ ఫాంట్‌లో తెలుగు, ఒడియా, దేవనాగరి అన్నీ ఉన్నాయి. రాయగడ, గజపతి జిల్లాల సవరలు వాడే సొరాంగ్ సోంపెంగ్ లిపి కూడా అందులో ఉంది. అంతకుముందు విండోస్‌లో తెలుగుకు గౌతమి, ఒడియాకు కళింగ ఉండేవి. మరీ పాత ఎక్స్‌పీ యంత్రమైతే ఒడియా పెట్టెలుగానే కనిపిస్తుంది. అదే మెయిల్‌ను ఫోన్లో తెరవమనండి, చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది.

రెండోది, నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీష్ చిన్న 'ఎ', పక్కనే డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు, ఈ జంట మళ్లీ మళ్లీ రావడం. ఇది చూశారంటే ఊపిరి పీల్చుకోవచ్చు. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులోని ఒక్కో గుర్తు (అచ్చు, హల్లు, గుణింతం) మూడు బైట్లు తీసుకుంటుంది. అవతలి ప్రోగ్రామ్ ఆ మూడింటినీ విడివిడి ఇంగ్లీష్ గుర్తులుగా చదివేసింది, అంతే. చూసే పద్ధతి మారిస్తే తెలుగు తిరిగి వస్తుంది. ఎలాగో కింద చెప్పాను.

మూడోది, అన్నీ ప్రశ్న గుర్తులు. ఇది ప్రాణం పోయిన కేసు. దారిలో ఏదో ప్రోగ్రామ్ తెలుగు అక్షరాలను తీసేసి వాటి స్థానంలో ప్రశ్న గుర్తులు పెట్టింది. ఆ మెయిల్‌ను ఎవరూ బాగు చేయలేరు, మళ్లీ పంపాల్సిందే.

నాలుగోది, ఇంగ్లీష్ అక్షరాలు, బ్రాకెట్లు, గుర్తులు ఒక పద్ధతీ పాడూ లేకుండా కలగలిసి రావడం. అది అను వంటి పాత ఫాంటులో టైప్ చేసిన మేటర్. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీష్ అక్షరాలనే, పైన తెలుగు బొమ్మ మాత్రమే కనిపిస్తుంది. ఫాంట్ లేని యంత్రంలో లోపలి సరుకు బయటపడుతుంది. ఒడియాలో ఆకృతి, మరాఠీలో శ్రీలిపి, హిందీలో కృతిదేవ్ పాత ఫాంట్లతోనూ ఇదే కథ. సరిహద్దు డీటీపీ సెంటర్లలో ఇవి ఇంకా బాగా నడుస్తున్నాయి కాబట్టి మన దగ్గరకొచ్చే ఫిర్యాదుల్లో ఈ నాలుగోదే ఎక్కువ.

ఇక పంపే పద్ధతి

1. మెయిల్‌లో రాసే మాటలను యూనికోడ్‌లోనే టైప్ చేయండి. పరీక్ష సులువు. రాసినదాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడా తెలుగే కనిపిస్తే యూనికోడ్. ఇంగ్లీష్ ముక్కలు కనిపిస్తే పాత ఫాంట్. డీటీపీ సెంటర్లో టైప్ చేయిస్తుంటే పని మొదలుపెట్టక ముందే "యూనికోడ్‌లో కావాలి" అని చెప్పండి. అయిపోయాక అడిగితే మళ్లీ మొదటి నుంచి రావాలి, ఛార్జీ కూడా రెండుసార్లు పడుతుంది.

2. మేటర్ ఇప్పటికే అనులో ఉంటే రెండు దారులు. అవతలివారు చదివితే చాలనుకుంటే దాన్ని పీడీఎఫ్‌గా ఇప్పించుకోండి, కన్వర్షన్ గొడవే ఉండదు. వాళ్లు దాన్ని దిద్దాలి లేదా మెయిల్‌లోనే ఉండాలి అంటే యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చాక తప్పక చదవండి. ఒత్తులు, క్ష, ఋత్వం దగ్గర తప్పులు దొర్లుతాయి. మధ్యలో ఉన్న ఇంగ్లీష్ పేర్లు, మెయిల్ ఐడీలు కూడా తెలుగు అనుకుని కన్వర్టర్ మార్చేస్తుంది, అవి అర్థంలేని తెలుగుగా తేలుతాయి. అంకెలు, తేదీలు, దరఖాస్తు నంబరు ఒక్కొక్కటిగా అసలుతో సరిచూసుకోండి. ఇక్కడ తొందరపడితే దరఖాస్తే తిరిగొస్తుంది.

ఒక హెచ్చరిక: అనులో చేసిన పీడీఎఫ్ కంటికి చక్కగా కనిపిస్తుంది. దాంట్లోంచి నాలుగు వాక్యాలు కాపీ చేసి మెయిల్‌లో పేస్ట్ చేస్తే మాత్రం మళ్లీ పిచ్చి అక్షరాలే వస్తాయి.

3. వర్డ్ నుంచి మెయిల్‌లోకి పేస్ట్ చేసేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కండి. మామూలుగా పేస్ట్ చేస్తే వర్డ్ తన ఫాంట్లు, మార్జిన్లు, రంగులన్నీ వెంట తెస్తుంది. జీమెయిల్‌లో అందంగా కనిపించిన ఆ ఉత్తరం అవుట్‌లుక్‌లో వరుసలు తప్పుతుంది. ఎందుకంటే విండోస్‌లోని పాత తరహా అవుట్‌లుక్ 2007 నుంచి మెయిల్‌ను వర్డ్ పద్ధతిలో గీస్తుంది, జీమెయిల్ బ్రౌజర్ పద్ధతిలో చూపిస్తుంది. పేస్ట్ చేసేశారా? మొత్తం సెలెక్ట్ చేసి, ఫార్మాటింగ్ తీసేసే బటన్ నొక్కండి. మరీ మొండికేస్తే జీమెయిల్‌లో రాసే పెట్టె కింద మూడు చుక్కల్లో 'ప్లెయిన్ టెక్స్ట్ మోడ్' ఉంటుంది. బోల్డు, రంగులు పోతాయి, అక్షరాలు మాత్రం అందరికీ చేరతాయి. ఆఫీసుకు రాసే ఉత్తరానికి రంగులతో పనేముంది?

పట్టికలను మెయిల్‌లో పెట్టకండి. విద్యార్థుల జాబితా, ఖర్చుల లెక్క వంటివి ఫోన్ తెర మీద నలిగిపోతాయి. వాటిని అటాచ్‌మెంట్‌గా పంపండి.

4. అవుట్‌లుక్ వాడేవారు ఈ సెట్టింగ్ ఒక్కసారి మార్చుకోండి. విన్‌మెయిల్.డాట్ అనే ఫైల్ పుట్టేది ఇక్కడే. అవుట్‌లుక్ 'రిచ్ టెక్స్ట్' పద్ధతిలో పంపినప్పుడు ఉత్తరం అలంకారం, అటాచ్‌మెంట్లు అన్నీ ఒకే మూటగా కట్టేస్తుంది. ఆ మూట విప్పడం మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్‌లకు తెలుసు, థండర్‌బర్డ్ వంటి చాలా ప్రోగ్రామ్‌లకు తెలియదు. మీ సర్టిఫికెట్ ఆ మూటలోనే ఉంటుంది, అవతలివారు మాత్రం "ఏమీ రాలేదు" అంటారు.

విండోస్‌లోని పాత తరహా అవుట్‌లుక్‌లో ఫైల్ → ఆప్షన్స్ → మెయిల్‌లోకి వెళ్లండి. పైన మెసేజ్ ఫార్మాట్ దగ్గర హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి. అదే పేజీలో కిందికి వెళ్తే రిచ్ టెక్స్ట్ మెయిల్స్‌ను ఇంటర్నెట్ చిరునామాలకు పంపేటప్పుడు ఏం చేయాలని అడుగుతుంది, అక్కడ 'కన్వర్ట్ టు హెచ్‌టీఎంఎల్' పెట్టండి. తర్వాత అడ్వాన్స్‌డ్ → ఇంటర్నేషనల్ ఆప్షన్స్‌లో బయటకు వెళ్లే మెయిల్స్‌కు 'యూనికోడ్, యూటీఎఫ్-8' ఎంచుకోండి. ప్రశ్న గుర్తుల జబ్బుకు ఇది ముందు జాగ్రత్త.

ఇవన్నీ మార్చినా ఒక్క మనిషికే విన్‌మెయిల్ వెళ్తోందంటే, ఆ ఒక్క చిరునామాకు పాత సెట్టింగ్ అంటుకుని ఉందన్నమాట. 'టు' గడిలో పేరు టైప్ చేయగానే వచ్చే సూచన పక్కన ఇంటూ గుర్తు నొక్కి తీసేయండి, చిరునామా మొత్తం కొత్తగా టైప్ చేయండి. కాంటాక్ట్స్‌లో ఉంటే అక్కడా తీసేసి మళ్లీ చేర్చండి.

5. ఏ ఫైల్ ఏ రూపంలో పంపాలి? చదవడానికే అయితే పీడీఎఫ్. దిద్దాల్సినదైతే .డాక్స్. వర్డ్ 2003 లాంటి పాత యంత్రం అవతల ఉందని తెలిస్తే 'సేవ్ యాజ్'లో పాత .డాక్ ఎంచుకోండి. మ్యాక్‌లోని పేజెస్ ఫైల్‌ను అలాగే పంపకండి, విండోస్‌లోని వర్డ్ దాన్ని తెరవలేదు. వెడ్డింగ్ కార్డుల పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా ఫైళ్లు ప్రెస్‌వాళ్లకు తప్ప ఎవరికీ పనికిరావు. బంధువులకు పంపాలంటే పీడీఎఫ్ లేదా జేపీజీ అడిగి తీసుకోండి.

తెలుగు పేర్ల జాబితా సీఎస్‌వీ (గడుల మధ్య కామాలుండే సాదా పట్టిక) ఫైల్‌గా పంపితే ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేయగానే పైన చెప్పిన రెండో జబ్బు కనిపించవచ్చు. ఎక్సెల్ నుంచి సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి. అందుకునేవారైతే డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ ఎంచుకోవాలి. స్కూళ్లలో పనిచేసేవారు ఈ అంకె రాసి పెట్టుకోండి, ఏటా అవసరం పడుతుంది.

6. పీడీఎఫ్ చేశాక ఫాంట్లు లోపల ఉన్నాయో లేదో చూడండి. అడోబీ రీడర్‌లో తెరిచి కంట్రోల్, డి నొక్కండి, ఫాంట్స్ ట్యాబ్ తెరవండి. ప్రతి ఫాంట్ పక్కన 'ఎంబెడెడ్' లేదా 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అని ఉండాలి. అది లేని ఫాంట్ ఉంటే అవతలి యంత్రం తనకు నచ్చిన ఫాంట్ పెడుతుంది, ఒత్తులు చెల్లాచెదురవుతాయి. అప్పుడు 'ప్రింట్'లోకి వెళ్లి 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ద్వారా మళ్లీ చేయించి, ఇంకోసారి చూడండి. ఫోన్లో ఈ ట్యాబ్ కనిపించదు కాబట్టి ఫోన్లో చేసిన పీడీఎఫ్‌ను వేరే ఫోన్లో తెరిచి పేజీ పేజీ చూసుకోండి.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది. అది తెలియక అవతలివారు "ఫైల్ పాడైంది" అనుకుంటారు. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయకండి, విడిగా ఫోన్లో చెప్పండి. నంబరు మొత్తం అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ (చివరి నాలుగు అంకెలే కనిపించేది) పంపండి.

7. ఫోటోల సంగతి. ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫోటోలను హెచ్‌ఈఐసీ రూపంలో దాస్తున్నాయి. చాలా విండోస్ యంత్రాల్లో అవి తెరుచుకోవు. సెట్టింగ్స్ → కెమెరా → ఫార్మాట్స్‌లో 'మోస్ట్ కంపాటిబుల్' పెడితే ఇకపై తీసేవి జేపీజీగా వస్తాయి. ఫోన్లో నిలువుగా ఉన్న సర్టిఫికెట్ ఫోటో అవతల అడ్డంగా పడుకుంటే, ఒకసారి ఎడిట్‌లో తిప్పి, అంచులు కత్తిరించి, సేవ్ చేసి పంపండి. ఇంకా మంచి పద్ధతి, గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్‌తో నేరుగా పీడీఎఫ్ చేయడం.

నెట్ సెంటర్‌వాళ్లకు వాట్సాప్‌లో ఫోటో పంపేటప్పుడు గ్యాలరీ నుంచి మామూలుగా పంపితే ముద్ర, సంతకం మసకబారతాయి. 'డాక్యుమెంట్' అని ఎంచుకుని పంపండి.

8. ఫైల్ పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో పెట్టండి. తెలుగు పేరుతో పంపిన ఫైల్ కొన్ని పాత ప్రోగ్రామ్‌లలో 'నోనేమ్' అనో, ఈక్వల్ గుర్తూ ప్రశ్న గుర్తూ యూటీఎఫ్-8 అంటూ మొదలయ్యే పొడవాటి తోక అనో చేరుతుంది. చివరన ఉండే .పీడీఎఫ్ పోయిందంటే డబుల్ క్లిక్ చేసినా తెరుచుకోదు. మీ పేరు, అండర్‌స్కోర్, సర్టిఫికెట్ పేరు, అండర్‌స్కోర్, సంవత్సరం. ఇంతకంటే అక్కర్లేదు. తేదీలో ఏటవాలు గీత, ప్రశ్న గుర్తు, కోలన్ వాడకండి, విండోస్ ఒప్పుకోదు. సబ్జెక్ట్ గడిలోనూ దరఖాస్తు నంబరు ఇంగ్లీష్‌లో ఉంటే మంచిది.

9. సైజు చూసుకోండి. జీమెయిల్ హద్దు 25 ఎంబీ అంటారు కదా అని 24 ఎంబీ ఫైల్ పెడితే అవతలికి చేరకపోవచ్చు. అటాచ్‌మెంట్‌ను మెయిల్‌లో ప్రయాణించే రూపంలోకి మార్చినప్పుడు దాని బరువు సుమారు మూడో వంతు పెరుగుతుంది. పైగా అవతలి ఆఫీసు హద్దు ఇంకా తక్కువ కావచ్చు. నా సలహా, మొత్తం 7 ఎంబీ దాటనివ్వకండి. స్కానింగ్ 200 డీపీఐ చాలు, రంగు అవసరం లేని కాగితాలను గ్రే స్కేల్‌లో చేయించండి.

పెద్ద ఫైల్‌ను డ్రైవ్ లింక్‌గా పంపాల్సి వస్తే, షేర్‌లో 'ఎనీవన్ విత్ ద లింక్', 'వ్యూయర్' పెట్టారో లేదో చూడండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ వంటివాటికి అలా పెట్టకండి, ఆ ఒక్క చిరునామాకే అనుమతి ఇవ్వండి. కొన్ని ఆఫీసుల్లో డ్రైవ్ తెరుచుకోదు, కాబట్టి ముందే అడగండి.

ఈఎక్స్ఈ, జేఎస్, బ్యాట్ ఫైళ్లను జీమెయిల్ అసలు పంపనివ్వదు. జిప్‌లో చుట్టి పెట్టినా పట్టేస్తుంది.

10. పంపే ముందు పరీక్ష. మీ జీమెయిల్ నుంచి మీ జీమెయిల్‌కే పంపుకుని చూస్తే ఏమీ తేలదు. వేరే కంపెనీ ఖాతాకు పంపండి, అక్కడ ఒకసారి కంప్యూటర్లో, ఒకసారి ఫోన్లో తెరవండి. అటాచ్‌మెంట్‌ను అక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసి తెరవాలి, పైపైన కనిపించే ప్రివ్యూతో సరిపెట్టుకోవద్దు. అక్షరాలు, ఒత్తులు, పేజీల లెక్క, ఫైల్ పేరు సరిపోతే ఆ మెయిల్‌నే అసలు చిరునామాకు పంపండి.

మీకు వచ్చిన మెయిల్ తెరుచుకోకపోతే

నెత్తిన గీత ఉన్న 'ఎ'లు కనిపిస్తే, థండర్‌బర్డ్‌లో వ్యూ మెనూలో 'రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్' నొక్కండి. పాత తరహా అవుట్‌లుక్‌లో మెయిల్‌ను విడి కిటికీలో తెరిచి, యాక్షన్స్ → అదర్ యాక్షన్స్ → ఎన్‌కోడింగ్‌లో యూనికోడ్ ఎంచుకోండి.

విన్‌మెయిల్.డాట్ వస్తే పంపినవారికి పై నాలుగో మెట్టు చెప్పి మళ్లీ పంపమనండి. అది కుదరకపోతే ఆ మూట విప్పే యాప్‌లున్నాయి. ఊరూ పేరూ లేని వెబ్‌సైట్లలో మాత్రం ఆ ఫైల్ అప్‌లోడ్ చేయకండి, లోపల ఎవరి ఆధార్ ఉందో, ఎవరి బ్యాంకు కాగితం ఉందో.

ఎంఎస్‌జీ అనే ఫైల్ వస్తే అది అవుట్‌లుక్‌లో దాచిన మెయిల్. ఫోన్లో మామూలుగా తెరుచుకోదు. అందులోని అసలు మెయిల్‌ను మామూలుగా ఫార్వర్డ్ చేయమనండి, లేదా ఈఎంఎల్‌గా (చాలా మెయిల్ ప్రోగ్రామ్‌లు తెరవగల రూపంలో) అడగండి. 'ఇమేజ్001' అని చిన్న చిన్న ఫైళ్లు చాలా వచ్చాయంటే కంగారు పడకండి, చాలావరకు అవి పంపినవారి సంతకం కింద ఉన్న లోగోలు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

పెట్టెలు కనిపించాయనగానే అదే ఫైల్‌ను నాలుగైదుసార్లు పంపడం. అవతల ఏది చివరిదో తెలియక గందరగోళం అవుతుంది. కారణం తెలుసుకుని, సరిచేసి, ఒక్కసారి పంపండి, ముందుదాన్ని వదిలేయమని మెయిల్‌లో రాయండి.

తెలుగు ఉత్తరాన్ని స్క్రీన్‌షాట్ తీసి మెయిల్‌లో అతికించడం. చాలా మెయిల్ ప్రోగ్రామ్‌లు బొమ్మలను మొదట దాచి ఉంచుతాయి, చూసేవారికి ఖాళీ మెయిల్ కనిపిస్తుంది. తప్పదనుకుంటే కనీసం రెండు వాక్యాలు యూనికోడ్‌లో రాసి, బొమ్మను అటాచ్‌మెంట్‌గా పెట్టండి.

ఒడియా, తెలుగు రెండూ ఉన్న పత్రంలో తెలుగు ఒక్కటే సరిచూసుకోవడం. రెండు లిపులకూ ఫాంట్లు వేరు, ఒకటి నిలబడి ఇంకొకటి పోవచ్చు. ఒడియా చదవడం రాకపోయినా, కాగితం పక్కన పెట్టుకుని ఆకారాలు పోల్చండి.

ఇంకొకటి, ఇది ఫార్మాట్ గొడవ కాకపోయినా అచ్చం అలాగే కనిపిస్తుంది. ఆఫీసువారు "ఫైల్ తెరుచుకోలేదు" అని జవాబిస్తే, చాలామంది మన పాత మెయిల్‌కే 'రిప్లై' కొట్టి "పైన ఉంది చూడండి" అని రాస్తారు. రిప్లైలో పాత అటాచ్‌మెంట్లు వెళ్లవు, ఫార్వర్డ్‌లో మాత్రమే వెళ్తాయి. ఆ జవాబుకే రిప్లై ఇవ్వండి, సరిచేసిన పీడీఎఫ్‌ను కొత్తగా అటాచ్ చేయండి, మెయిల్‌లో ఫైల్ పేరు, పేజీల సంఖ్య రాయండి. పంపాక 'సెంట్'లోకి వెళ్లి, ఆ మెయిల్‌లోంచే ఫైల్‌ను ఒకసారి తెరిచి చూడండి.